సూర్యారావుపేట కీమో వార్డు: ఒక పురుగుమందుల వ్యాపారి లెక్క

ఆసుపత్రి పేరు రాయను. ఇందులో మెచ్చుకోలుతో పాటు ఫిర్యాదులూ ఉన్నాయి, మా ఆవిడ చికిత్స ఇంకా అక్కడే జరుగుతోంది. విజయవాడ సూర్యారావుపేటలో ఏ సందులోకి తిరిగినా ఆసుపత్రులు, ల్యాబులు, మందుల షాపులే కాబట్టి ఆనవాళ్లు చెప్పినా పట్టుకోవడం కష్టం. నేను రాస్తున్నది అక్కడి ఒక క్యాన్సర్ ఆసుపత్రి రెండో అంతస్తులో ఉన్న కీమో డే కేర్ గురించి. పొద్దున వెళ్లి, సెలైన్‌లో మందు ఎక్కించుకుని, సాయంత్రానికి ఇల్లు చేరే వార్డు అది.

గుంటూరు పట్నంబజారులో పురుగుమందులు, విత్తనాలు అమ్ముతూ జుట్టు నెరిసినవాడిని. దుకాణం ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. సీసా ఏదైనా చేతికి వస్తే బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూసిన తర్వాతే ధర చూస్తాను. అరవై దాటాక ఈ అలవాటు పోదు. ఆసుపత్రిలో కూడా పోలేదు. నర్సులు మొదట్లో చిరాకు పడ్డారు, ఇప్పుడు వాళ్లే సీసా తిప్పి చూపించి మరీ తీసుకెళతారు.

మా ఆవిడకు అండాశయ క్యాన్సర్, మూడో దశలో బయటపడింది. ఆపరేషన్, మొదటి విడత కీమో వేరే ఊళ్లో అయ్యాయి. అందరికీ మొదట ఇచ్చే జోడీయే ఇచ్చారు: కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్, మూడు వారాలకు ఒకసారి, ఆరు సైకిళ్లు. సీఏ-125 అనే రక్తపరీక్ష 35 లోపు ఉంటే మామూలు అంటారు, అంతకన్నా కిందికే దిగింది. ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఏడాది తిరగకముందే ఆ అంకె మళ్లీ ఎక్కింది. ఎందుకు తిరగబెట్టిందని అక్కడ అడిగితే ‘వేరే మందు వేస్తాం’ అన్నది ఒక్కటే జవాబు. పురుగు చావలేదని రైతు దుకాణానికి వస్తే నేను కూడా ఎన్నోసార్లు చెప్పిన జవాబు అదే కాబట్టి, దాని వెనుక ఎంత సరుకు ఉంటుందో నాకు తెలుసు. ఫైలు తీసుకుని వారధి దాటి విజయవాడ వచ్చాం.

ఇక్కడి డాక్టరమ్మ చిన్న వయసే. ఫైలు మొత్తం చదివిన తర్వాత అడిగిన మొదటి ప్రశ్న: ‘చివరి ప్లాటినం ఎప్పుడు పడింది? మళ్లీ పెరిగింది ఎప్పుడు?’ ప్లాటినం అంటే ఆ లోహంతో చేసిన కార్బోప్లాటిన్ లాంటి మందు. దాన్ని ఆపిన ఆరు నెలల లోపే జబ్బు తిరిగి వస్తే దాన్ని ప్లాటినంకు లొంగనిదిగా లెక్క వేస్తారట. ఆరు నెలలు దాటాక వస్తే ఇంకా లొంగే అవకాశం ఉంది, మళ్లీ అదే మందు వాడవచ్చు. మాకు ఆరు నెలలు దాటింది. అందుకని కార్బోప్లాటిన్‌నే మళ్లీ మొదలుపెట్టి, పక్కన లైపోజోమల్ డాక్సోరూబిసిన్ అనే ఎర్రటి మందు కలిపారు. ఈ గీత గురించి అంతకుముందు మాకు ఒక్కరూ చెప్పలేదు.

ఇక వార్డు సంగతి. మందు కలిపే గదికి పెద్ద అద్దం ఉంది, బయట నుంచి చూడవచ్చు. లోపల గాలి బయటికి రాకుండా లాగేసే పెట్టె, దాని ముందు గౌను, రెండు జతల గ్లౌజులు వేసుకున్న మనిషి. సంచి బయటికి రాగానే ఇద్దరు నర్సులు రోగి పేరు, మందు, మిల్లీగ్రాములు ఒకరికొకరు గట్టిగా చదివి సంతకం చేస్తారు. వాడిన గొట్టాలన్నీ పసుపు సంచిలోకి. డబ్బాలో చెయ్యి పెట్టి పురుగుమందు కలిపి, ఆ చేత్తోనే చుట్ట వెలిగించే వాళ్లను చూసిన నేను ఈ గది ముందు చాలాసేపు నిలబడ్డాను. ఇందులో వంక పెట్టడానికి ఏమీ లేదు.

పాక్లిటాక్సెల్ విషయంలో శ్రద్ధ ఇంకా ఎక్కువ. ఇది పసిఫిక్ యూ అనే చెట్టు బెరడులో దొరికిన పదార్థం. అమెరికాలో వాల్, వాణి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1971లో దీని నిర్మాణాన్ని ప్రకటించారు, ఇద్దరిలో మన్‌సుఖ్ వాణి మన దేశంలో పుట్టినవారే. నీళ్లలో కరగదు కాబట్టి ఆముదం నుంచి తయారైన ఒక ద్రావణిలో కలుపుతారు. తంటా అంతా ఆ ద్రావణితోనే. కొందరికి అది పడదు, ఊపిరి బిగుస్తుంది. అందుకే అరగంట ముందు స్టెరాయిడు, అలర్జీ ఇంజెక్షను ఇస్తారు. మామూలు పీవీసీ గొట్టంలోంచి ఎక్కిస్తే ప్లాస్టిక్‌లోని పదార్థాలు మందులోకి దిగుతాయని వేరే రకం గొట్టం, దానికి సన్నని ఫిల్టరు పెడతారు. గొట్టం ఎందుకు మార్చారని నేను అడిగితే నర్సు విసుక్కోకుండా చెప్పిన విషయమిది.

ఇంకొకటి. కార్బోప్లాటిన్ పదే పదే పడిన వాళ్లకు అలర్జీ కొత్తగా మొదలయ్యే ప్రమాదం ఉంటుంది, అదీ ఎక్కువగా ఎనిమిదోసారి చుట్టుపక్కల. రెండో విడతలో మా ఆవిడకు ఆ దశ రాగానే, సంచి వేలాడదీసిన నర్సు కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంది. ‘పెద్దమ్మా, అరచేతులు దురద పెడితే ఓర్చుకోవద్దు, వెంటనే నాకు చెప్పాలి’ అంది. మా ఆవిడ ఓర్చుకునే రకమని ఆ అమ్మాయికి ఎలా తెలిసిందో మరి. దురద రాలేదు. కానీ మందు సగం దిగేదాకా ఆమె కుర్చీ వదల్లేదు.

రెండో విడత కూడా మొదట బాగానే పనిచేసింది. ఆపిన తర్వాత మాత్రం ఆరు నెలలు కూడా ఆగలేదు. ఈ సమీక్ష రాయాలనిపించింది ఆ రోజు డాక్టరమ్మ మాట్లాడిన తీరు వల్లే.

స్కాను, రక్తపరీక్ష పక్కపక్కన పెట్టి, మా ఆవిడ వైపే తిరిగి చెప్పింది: ‘అమ్మా, ఈ మందు ఇక పనిచేయదు. మీ ఒంట్లో తప్పేమీ లేదు. మందుకు లొంగే కణాలు పోయాయి, లొంగనివి మిగిలాయి. ఇప్పుడు పెరుగుతున్నవి వాటి పిల్లలు.’

నాకు ఠక్కున 1987-88 పత్తి గుర్తొచ్చి, అది శనగపచ్చ పురుగు కథే కదమ్మా అన్నాను. ఆమెకు తెలియదు, చెప్పమంది. చెప్పాను. సింథటిక్ పైరెత్రాయిడ్లు అనే పురుగుమందులు వచ్చిన కొత్తలో ఒక్క పిచికారీతో పురుగు రాలిపోయేది. రైతులు వారం వారం అవే కొట్టారు, మేము అవే అమ్మాం. ఆ సీజన్‌లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మందు మీద మందు కొట్టినా పురుగు కాయ మీద కులాసాగా కూర్చుంది. మందు నకిలీదని మా దుకాణాల మీదికి వచ్చారు. నకిలీ సరుకు ఉండేది, కాదనను. కానీ అసలు మందుకు కూడా పురుగు చావలేదు. చేలో మొదటి నుంచీ ఎక్కడో కొన్ని లొంగని పురుగులు ఉండే ఉంటాయి. మిగతావాటిని మనం చంపి చేను మొత్తం వాటికి అప్పగించాం.

‘సరిగ్గా అంతే సార్’ అని ఆమె రిపోర్టు వెనక వైపు ఒక గుండ్రం గీసింది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

ఆ గుండ్రం క్యాన్సర్ కణం. దాని గోడ మీద ఒక పంపు గీసింది. 1976లో కెనడాలో జూలియానో, విక్టర్ లింగ్ అనే శాస్త్రవేత్తలు మందులకు లొంగని కణాల గోడలో ఒక ప్రోటీన్‌ను గుర్తించి పీ-గ్లైకోప్రోటీన్ అని పేరు పెట్టారు. లోపలికి వచ్చిన మందును అది బయటికి తోడేస్తుంది. పాక్లిటాక్సెల్, డాక్సోరూబిసిన్, విన్‌క్రిస్టిన్ ఒకదానికొకటి పోలిక లేని మందులు, అయినా మూడింటినీ అదే తోడుతుంది. అంటే ఒక మందుకు మొండికేసిన కణం, తానెప్పుడూ చూడని మందుకు కూడా మొండికేయగలదు. అయితే కార్బోప్లాటిన్‌ను కూడా ఈ పంపే తోడిందా అని అడిగాను. కాదంది. దానికి వేరే దారులున్నాయి: కణంలోని గ్లూటాథయోన్ అనే పదార్థం ప్లాటినంను పట్టుకుని పనికిరాకుండా చేస్తుంది, లేదా ప్లాటినం డీఎన్ఏ మీద కొట్టిన దెబ్బను కణం తనే అతికించుకుంటుంది. ఒకే గడ్డలో ఒక మూల కణాలు ఒక దారి, ఇంకో మూల కణాలు ఇంకో దారి పట్టవచ్చు.

మరి పంపును మూసేస్తే సరిపోదా? నా వ్యాపారంలో ఆ ఉపాయం పాతది. పురుగు మందును అరిగించుకునే ఎంజైమును ఆపడానికి పైపెరోనిల్ బ్యూటాక్సైడ్ కలుపుతారు. డాక్టరమ్మ నవ్వింది. ‘అదే ఆలోచన ఇక్కడ కూడా వచ్చింది సార్.’ రక్తపోటుకు వాడే వెరాపమిల్ ఈ పంపును ఆపుతుందని 1981లో జపాన్‌లో సురువో బృందం చూపించింది. గాజు పాత్రలో బ్రహ్మాండంగా పనిచేసింది. మనుషుల్లో అంత మోతాదు ఇస్తే గుండె తట్టుకోదు. తర్వాత వాల్‌స్పొడార్, తారిక్విడార్ అని ఇంకా గట్టివి చేశారు. అవీ పెద్దగా గెలవలేదు. ఎందుకంటే ఆ పంపు క్యాన్సర్ సొత్తు కాదు. పేగుల్లో, కాలేయంలో, మెదడు రక్తనాళాల్లో విషాలను బయటికి తోయడానికి అందరికీ ఉండేదే. దాన్ని మూస్తే కీమో మందు ఒంట్లోనే నిలిచిపోయి మంచి కణాలకు చేటు చేస్తుంది. పురుగును చంపబోయి పైరును మాడ్చుకున్నట్టే అవుతుంది.

ఈ మాటల మధ్యలోనే మా బండారం బయటపడింది. ఇంట్లో వాడుతున్న మాత్రలన్నీ సంచిలో వేసుకుని రమ్మని ముందే చెప్పారు. అందులో మా మరదలు పంపిన పసుపు గుళికలు ఉన్నాయి, బాగా ఒంటబట్టడానికి మిరియాల సారం కలిపినవి. ఆ సారంలోని పైపెరిన్ ఇదే పంపును, మందులను అరిగించే కాలేయపు ఎంజైమునూ అడ్డుకుంటుందని ప్రయోగశాలల్లో తేలిందట. చారులో మిరియాలతో ఇబ్బంది లేదు, గుళికలు మాత్రం ఆపేయమంది. లక్ష్మణఫలం పొడి డబ్బాను నేనే తీసి పక్కన పెట్టాను. ఆమె దాని గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. అందుకు కూడా ఒక మార్కు.

వెయిటింగ్ హాల్లో యల్లాప్రగడ సుబ్బారావు గారి ఫోటో ఉంది. భీమవరంలో పుట్టినవారని, క్యాన్సర్ మందు కనిపెట్టారని కింద రాశారు. సంతోషం. కానీ ఆ కథకు రెండో సగం ఉంది, అక్కడ కూర్చునే వాళ్లకు కావలసింది అదే. లెడర్లీ కంపెనీలో ఆయన బృందం తయారు చేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించారు. మంచం పట్టిన పిల్లలు లేచి ఆడుకున్నారు, కొన్ని నెలలకు జబ్బు తిరగబెట్టింది. మందుకు లొంగకపోవడమన్నది కీమోతో పాటే పుట్టింది. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్‌ను కణాలు ఎలా తప్పించుకుంటాయో 1978లో షింకే బృందం చూపించింది: ఆ మందు ఏ ఎంజైమును దెబ్బతీస్తుందో, దాన్ని తయారుచేసే జన్యువుకే కణం బోలెడు నకళ్లు తీసుకుంటుంది. మందుకు లొంగకపోవడానికి విరుగుడుగా అంతకుముందే, 1960లలో ఫ్రై, ఫ్రైరైక్ అనే డాక్టర్లు పిల్లల రక్తక్యాన్సర్‌కు నాలుగు మందులు కలిపి ఇచ్చారు. నాలుగూ నాలుగు రకాలుగా దెబ్బతీసేవి, అందులో ఒకటి మెథోట్రెక్సేటే. ఒకదాన్ని తప్పించుకున్న కణం ఇంకోదానికి దొరుకుతుంది. నేను కౌంటరు మీద అరిచి గీపెట్టిన మాట కూడా ఇదే: కలిపితే వేర్వేరు పద్ధతుల్లో చంపేవి కలపండి, ఒకే జాతివి మూడు డబ్బాలు కలపకండి.

తర్వాతి దారి గురించి కూడా ఆమె ఏదీ దాచలేదు. డీఎన్ఏ దెబ్బలను అతికించే బీఆర్‌సీఏ జన్యువుల పరీక్ష చేయించారు, అందులో మార్పు కనబడలేదు, కాబట్టి ఆ మార్పు ఉన్నవాళ్లకు బాగా పనిచేసే ఓలాపరిబ్ మాత్రల వల్ల మాకు చెప్పుకోదగ్గ లాభం ఉండదన్నారు. వారం వారం తక్కువ మోతాదులో పాక్లిటాక్సెల్, దానికి తోడు గడ్డకు కొత్త రక్తనాళాలు పుట్టకుండా చేసే బెవాసిజుమాబ్ మొదలుపెడదామన్నారు. పాక్లిటాక్సెల్ ముందే వాడాం కదా అంటే, ప్లాటినంకు లొంగనంత మాత్రాన దీనికి లొంగదని కాదు, వారం వారం ఇస్తే మళ్లీ పనిచేసే అవకాశం ఉంది అన్నారు. ‘ఎంత కాలం?’ అని మా ఆవిడే అడిగింది. 2014లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, కీమో ఒక్కటే ఇచ్చిన వాళ్లలో సగం మందికి 3.4 నెలలలోపు జబ్బు ముందుకు కదిలితే, బెవాసిజుమాబ్ కలిపినప్పుడు అది 6.7 నెలలకు జరిగింది. ఈ అంకెలు కాగితం మీద రాసి ఇచ్చింది. ‘మీకు ఇంతే అని కాదు, ఇంతకంటే ఎక్కువని మాట ఇవ్వలేను’ అంది. మా ఆవిడ ఆ కాగితం మడిచి పర్సులో పెట్టుకుంది. దారిలో మంగళగిరి దాటేదాకా మాట్లాడలేదు. ఆ తర్వాత, ‘ఈ అమ్మాయి దగ్గరే చేయించుకుంటాను’ అంది.

నేనూ ఇంట్లో ఊరికే కూర్చోలేదు, ఫోనులో చదివి ప్రశ్నలు పట్టుకెళ్లాను. ఫ్లోరిడాలోని మాఫిట్ కేంద్రంలో గేటెన్‌బీ అనే డాక్టరు, పంట పురుగుల యాజమాన్యం చూసే ఒక పద్ధతి ప్రయత్నించాడట. గడ్డను పూర్తిగా తుడిచేయాలని చూడకుండా, సగానికి తగ్గగానే మందు ఆపి, లొంగే కణాలను కొన్ని బతకనిస్తాడు, అవి లొంగని వాటిని పెరగనివ్వవు. బీటీ పత్తి సంచితో అప్పట్లో విడిగా ఇచ్చిన నాన్-బీటీ విత్తనం ఇందుకే కదా, మన వాళ్లు ఆ పొట్లం గట్టు మీద పారేసేవాళ్లు, గులాబి రంగు పురుగు వచ్చి లెక్క తేల్చింది. ఇది మాకు చేయవచ్చా అని అడిగితే, ప్రోస్టేట్ క్యాన్సర్‌లో చిన్న అధ్యయనం మాత్రమే అయిందని, అండాశయానికి ఇంకా ప్రామాణిక చికిత్స కాదని చెప్పింది. తెలియని దాన్ని తెలిసినట్టు అమ్మలేదు. మిర్‌వెటుక్సిమాబ్ అనే మందు గురించి అడిగితే మాత్రం ఉత్సాహంగా చెప్పింది. ప్లాటినంకు లొంగని అండాశయ క్యాన్సర్ కోసమే 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది. గడ్డ కణాల మీద ఫోలేట్ అనే విటమిన్‌ను పట్టుకునే గ్రాహకాలు ఎక్కువగా ఉంటే, వాటికి అతుక్కునే యాంటీబాడీ కడుపులో విషం దాచుకుని లోపలికి వెళుతుంది. 2023 నాటి పెద్ద అధ్యయనంలో దీనితో సగం మంది 16 నెలలకు పైగా బతికారు, మామూలు కీమోతో ఆ అంకె 13 కన్నా తక్కువ. గడ్డ ముక్కను ఆ పరీక్షకు పంపారు, ఫలితం రావాలి.

ఇప్పుడు ఫిర్యాదులు. ఇంత బాగా చెప్పే చోట బిల్లు విషయంలో మాత్రం నోరు పెగలదు. కార్బోప్లాటిన్ మోతాదు బరువును బట్టి కాదు, కిడ్నీ పనితీరును బట్టి కడతారు. మా ఆవిడకు 500 మిల్లీగ్రాములు వచ్చింది. సీసాలు 450, 150 సైజుల్లో వస్తాయి. రెండూ తెరిస్తే 100 మిగులుతుంది, పారబోస్తారు, డబ్బు మాత్రం మొత్తానికి తీసుకుంటారు. ఒకే రోజు అదే మందు పడే వాళ్లను పక్కపక్కన పెట్టుకుంటే ఈ వృథా తగ్గదా అని రాసి ఇచ్చాను. జవాబు లేదు. కింద ఉన్న వాళ్ల ఫార్మసీలోనే కొనాలంటారు. మందు చల్లదనం తప్పకుండా నిల్వ ఉండాలని కారణం చెబుతారు. బెవాసిజుమాబ్‌కు ఆ మాట సరే, వాంతుల మాత్రలకు కూడానా?

మరుగుదొడ్లు వార్డంతటికీ రెండే. సెలైన్ సంచులు ఎక్కించి, నీళ్లు బాగా తాగమని చెప్పి, రెండే పెట్టడం ఏం న్యాయం? స్టాండు తోసుకుంటూ వరసలో నిలబడిన ఆడవాళ్లను చూస్తే బాధేస్తుంది. తోడు వచ్చిన వాళ్లకు ప్లాస్టిక్ స్టూలు గతి. టీవీలో రోజంతా వార్తల గొడవ, రిమోట్ ఎవరి దగ్గర ఉందో ఎవరికీ తెలియదు. రక్తపరీక్ష రిపోర్టు వచ్చేదాకా మందు కలపరు, అది సబబే, కానీ ఆ రిపోర్టు పదకొండు దాటితే గానీ రాదు.

అయిదుకు నాలుగు ఇస్తున్నాను. పోయిన ఒక్కటీ బిల్లు కౌంటరుకు, మరుగుదొడ్లకు సమానంగా.

గుంటూరు వైపు నుంచి వెళ్లే వాళ్లు ముందు రోజు సాయంత్రమే గుంటూరులో పరీక్షకు రక్తం ఇచ్చి రిపోర్టు వెంట తీసుకెళ్లండి, ఒప్పుకుంటారు, రెండు గంటలు కలిసొస్తాయి. పాత కీమో కాగితాల్లో ఏ మందు ఏ తేదీన చివరిసారి పడిందో విడిగా రాసుకుని వెళ్లండి, మొదట అడిగేది అదే. శనివారం వద్దు. కారు ఆ సందులోకి తీసుకెళ్లకండి, ఏలూరు రోడ్డు మీదే దిగి ఆటో పట్టుకోండి.